ముందు 16 పేజీలు

సంపాదకులకు నమస్కారం.

‘చిత్రకళలో రాణిస్తున్న విద్యార్థిని’ అంటూ జిల్లా పేజీలో అప్పుడప్పుడూ ఒక వార్త వస్తుంటుంది. చేతిలో ఫ్రేము, ఫ్రేములో ఎవరో సినిమా హీరో పెన్సిల్ బొమ్మ, పక్కన మురిసిపోతున్న అమ్మానాన్న. మంచిదే. కానీ ఇలస్ట్రేషన్, అంటే కథలకు, పుస్తకాలకు బొమ్మలు వేయడం నేర్చుకునే పిల్లల లోకం ఆ ఫ్రేములో దొరకదు. వాళ్ల స్కెచ్‌బుక్కు వెనక అట్ట లోపలివైపు చూడండి. అక్కడొక చిట్టా ఉంటుంది: 120 పేజీల గ్రాఫిక్ నవల, పేకముక్కల సెట్టు, ఏడాదంతా రోజుకో బొమ్మ, హాస్టలు గోడ మీద పెద్ద చిత్రం, స్టిక్కర్లు, స్నేహితురాలు రాసిన కథలకు బొమ్మలు. ఒకటో రెండో టిక్కులు పడి ఉంటాయి, మిగతావన్నీ అలాగే. పిల్లలకు ఓపిక లేదని పెద్దలంటారు, టైం లేదని పిల్లలంటారు. లోపం లెక్కలో ఉందని మేమంటాం.

ఆ గ్రాఫిక్ నవలే తీసుకోండి. పేజీకి అయిదు గళ్లు వేసుకున్నా 600 గళ్లు. ఒక్కో గడికి పెన్సిలు, ఇంకు, రంగు, అక్షరాలు అన్నీ కలిపి మూడు గంటలంటే 1,800 గంటలు. కాలేజీ, రికార్డులు, బస్సు పోను రోజుకు రెండు గంటలు మిగిలితే 900 రోజులు. నేర్చుకునే వయసులో 900 రోజుల్లో చెయ్యి మొత్తం మారిపోతుంది. మూడో ఏడు గీసిన పేజీ పక్కన మొదటి పేజీ పెడితే ఇద్దరు గీసినట్టుంటుంది. మొదటి 40 పేజీలు మళ్లీ గీద్దామనిపిస్తుంది, పని అక్కడే పడకేస్తుంది.

అందుకే ఏ విద్యార్థి అడిగినా మేం ఒకే మాట చెబుతాం: ముందు 16 పేజీల చిన్న పుస్తకం ఒకటి అచ్చు వేయించి చేతిలో పెట్టుకోండి, తర్వాత ఏదైనా మొదలుపెట్టండి. ఏ5 సైజు, అంటే ఏ4 కాగితాన్ని సగానికి మడిస్తే వచ్చేది. మొదటి పేజీ ముందు అట్ట, 16 వెనక అట్ట, రెండో పేజీలో పనిచేసినవాళ్ల పేర్లు, 15లో ఒక చిన్న వివరణ. మిగిలినవి 12 పేజీలు. వాటిలో 8, 9 పేజీలకు కలిపి ఒకటే పెద్ద బొమ్మ వేస్తే లోపల 11 బొమ్మలు, అట్టతో 12. బొమ్మకు ఆరు గంటల చొప్పున 72 గంటలు, రోజుకు రెండు గంటలైతే 36 రోజులు. ఒక సెమిస్టరులో సగం కూడా పట్టదు.

విషయానికి తిరుపతిలో ఉన్నవాళ్లు ఎక్కడికీ పోనక్కర్లేదు. ఏటా మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వస్తుంది. మొక్కు ఉన్నవాళ్లు రోజుకో వేషం కడతారు. బైరాగి వేషానికి ఒంటి నిండా తెల్లటి నామకొమ్ము, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి చందనం. తర్వాత మాతంగి, సున్నపు కుండలు, పేరంటాలు. మగవాళ్లు చీర కట్టి, జడ వేసుకుని వీధుల్లో నడుస్తారు. బొమ్మలు వేసేవాడి కన్నుతో చూడండి: తెలుపు, ఎరుపు, నలుపు, గంధం రంగు. నాలుగే రంగుల పెట్టెను జాతరే సర్ది ఇచ్చింది. ఆఖర్న గుడి ముందు మట్టితో చేసే అమ్మవారి విశ్వరూపం ఉంది, అది 8, 9 పేజీల్లోకి కొలిచినట్టు సరిపోతుంది.

అంత జనంలో నిలబడి పూర్తి బొమ్మ గీయడం ఎవరివల్లా కాదు, ప్రయత్నించవద్దు. ఏ5 నోటుబుక్కు, 2బి పెన్సిలు, ఒక బ్రష్ పెన్ను చాలు. మనిషికి 30 సెకన్లు: ముందు వెన్నెముక గీత, తర్వాత భుజాలు ఎటు వాలాయో ఒక గీత, బరువు ఏ కాలి మీద ఉందో ఒక గీత. ముఖం, నగలు వదిలేయండి. వేపాకు ఎక్కడ కట్టారు, కర్ర ఎలా పట్టారు, గంధం ఎండి ఎక్కడ పగిలింది, ఇలాంటివి పక్కన మాటల్లో రాసుకుంటే సాయంత్రం ఇంటికొచ్చి గీసేటప్పుడు పనికొస్తాయి. ఫోటో మీదే ఆధారపడితే ఫోనులోని వెడల్పు లెన్సు దగ్గరున్న చేతిని పెద్దది చేసి కాళ్లను కుదిస్తుంది. పిల్లలు ఆ తప్పును అలాగే గీసి, తమకు అనాటమీ రాదనుకుంటారు. మొక్కు తీర్చుకునే మనిషి ముఖానికి ఫోను అడ్డం పెట్టే ముందు ఒక మాట అడగాలని వేరే చెప్పాలా?

మనిషి కొలతల దగ్గర మన ఊళ్లో ఒక చిక్కు ఉంది. పాఠ్యపుస్తకాలు మనిషిని ఏడున్నర తలలని కొలుస్తాయి. ఇక్కడే టీటీడీ సంప్రదాయ శిల్ప శిక్షణ సంస్థలో నేర్చుకునేవాళ్లు తాళమానంతో కొలుస్తారు. నవతాళమంటే 108 అంగుళాలు, ఉత్తమ దశతాళమంటే 124. ఈ అంగుళం స్కేలు మీది ఇంచి కాదు, తాళంలో పన్నెండో వంతు. రెండూ మంచి పద్ధతులే, కలిపితేనే చెడుతుంది. ‘తల’ అంటే నడినెత్తి నుంచి గడ్డం దాకా. ‘తాళం’ అంటే ముఖం, అంటే జుట్టు మొదలయ్యేచోటి నుంచి గడ్డం దాకా 12 అంగుళాలు. ఇది తెలియక ఒకే పుస్తకంలో దేవతను తాళాల్లో, భక్తుణ్ణి తలల్లో కొలిస్తే ఇద్దరూ వేర్వేరు పుస్తకాల్లోంచి వచ్చి నిలబడ్డట్టుంటారు.

ఇక కాగితం. స్టేషనరీ కొట్లో ‘డ్రాయింగ్ షీట్’ అని అడిగితే చేతికిచ్చేది ఎక్కువగా 130, 150 జీఎస్ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాముల బరువు) కార్ట్‌రిడ్జి కాగితం. పెన్సిలుకు, ఇంకుకు బాగుంటుంది. నీళ్లు పడితే అప్పడంలా లేస్తుంది. నీటిరంగులకు 300 జీఎస్ఎం తీసుకుని నాలుగు వైపులా చెక్కకు టేపు వేయాలి. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి ఎండకు వాష్, అంటే పల్చటి నీటిరంగు పూత, ఒక అంచు నుంచి రెండో అంచుకు చేరేలోపే మొదటి అంచు ఆరిపోయి గీత కడుతుంది. రంగు తప్పని, బ్రష్ తప్పని మారుస్తుంటారు. అసలు దొంగ నెత్తిన తిరిగే ఫ్యాను. ఫ్యాను కట్టేసి, కాగితం వెనకవైపు కూడా తడిపి, పెద్ద బ్రష్‌తో ఉదయం తొమ్మిదిలోపు వేస్తే ఆ గీత రాదు. అక్టోబరు నుంచి డిసెంబరు వానల్లో ఇందుకు తిరగబడుతుంది: కాగితం చెమ్మ పీల్చి ఇంకు గీత పక్కలకు పాకుతుంది. షీట్లను ప్లాస్టిక్ కవరులో సిలికా జెల్ పొట్లాలతో పెట్టుకోవాలి. కొత్త మందుల సీసాల్లో, బూట్ల పెట్టెల్లో వచ్చే పొట్లాలు పారేయకుండా దాచండి, చాలు.

బైరాగి వేషానికి తెల్లరంగు కొనకండి. కాగితమే తెలుపు. చుట్టూ ఉన్న వీధిని ముదురు చేస్తే మనిషి తెల్లగా ముందుకొస్తాడు. తోటి వేషానికి ఒళ్లంతా నల్లగా నింపేస్తే మనిషి పోయి కన్నం మిగులుతుంది. బ్రష్‌ను గుడ్డకు తుడిచి, దాదాపు పొడిగా ఉన్న ఇంకుతో కాగితం గరుకు మీద రాస్తే మధ్యమధ్యలో తెల్ల చుక్కలు మిగిలి బొగ్గు పూసిన చర్మంలాగే కనిపిస్తుంది. భుజం మీద, ముక్కు మీద ఒక సన్నటి తెల్ల అంచు వదిలితే చాలు. నీటిరంగుల కింద గీసే ఇంకు వాటర్‌ప్రూఫ్ అవునో కాదో సీసా మీది మాట నమ్మొద్దు. గీసి అరగంట ఆగి తడి బ్రష్‌తో రుద్ది చూడండి. వాటర్‌ప్రూఫ్ ఇండియన్ ఇంకును ఫౌంటెన్ పెన్నులో మాత్రం పోయకండి, అందులోని లక్క ఎండి పెన్నును మూసేస్తుంది. ముంచి రాసే పాళీకే వాడాలి. ప్రతి పది నిమిషాలకు నీళ్లలో కడిగి తుడుచుకోవాలి.

బొమ్మ ఏ సైజులో గీయాలి? అచ్చు సైజుకు 125 శాతం. ఎందుకో చెబుతాం. ఏ5 పేజీ 148×210 మిల్లీమీటర్లు. కోత కోసం నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు అదనంగా గీయాలి, లేకపోతే కత్తి కాస్త పక్కకు పోగానే అంచున తెల్లచార కనబడుతుంది. అప్పుడు 154×216. దానికి 125 శాతమంటే సుమారు 193×270. ఇది ఏ4 స్కానరులో హాయిగా పడుతుంది. చాలామంది ఏ4 నిండా గీసేస్తారు, కోతకు అదనపు జాగా ఉండదు, స్కానరు అంచులు తినేస్తుంది. మధ్య బొమ్మ 378×270, ఏ3 షీటు మీద గీసి రెండు ముక్కలుగా స్కాన్ చేసుకోవాలి. రెండిటికీ ఉమ్మడిగా 3 సెంటీమీటర్ల భాగం ఉంటే అతుకు తెలియదు. స్కానింగు రంగు బొమ్మకు 400 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలు), ఉత్త నలుపు గీతకు 600. 125 నుంచి 100కి తగ్గినప్పుడు గీతలూ తగ్గుతాయి: 0.3 పెన్ను గీత 0.24 అవుతుంది, 0.1 పెన్ను గీత 0.08 అయి కొన్నిచోట్ల కనిపించకుండా పోతుంది. కనురెప్పలు, కుంకుమ చుక్కలు పోయేది ఇక్కడే.

పేజీలు సర్దేటప్పుడు ఒక చిన్న గుర్తు: ఒకవైపు పక్కపక్కన పడే రెండు పేజీల అంకెలు కలిపితే 17 రావాలి. 16–1, 2–15, 14–3, 4–13, 12–5, 6–11, 10–7, 8–9. వీటిలో పుస్తకం చదివేటప్పుడు కూడా పక్కపక్కనే పడేది 8–9 ఒక్కటే. అందుకే పెద్ద బొమ్మ అక్కడ. 4–5లో పెద్ద బొమ్మ వేస్తే సగం ఒక షీటు మీద, సగం ఇంకో షీటు మీద పడి, మడతలో ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయితే మనిషి ముక్కు విరుగుతుంది. డిజిటల్ ప్రెస్సుల్లో 12×18, 13×19 అంగుళాల షీట్లుంటాయి. రెండు జతలు ఒకదాని కింద ఒకటి పెడితే అదనపు అంచులతో 303×432 మిల్లీమీటర్లు కావాలి. 12×18 షీటు వెడల్పు 305, అందులో యంత్రం పట్టుకునే అంచు పోతుంది. కాబట్టి 13×19 అడగండి. రెండువైపులా అచ్చుతో షీటుకు ఎనిమిది పేజీలు, పుస్తకానికి రెండు షీట్లు, 50 కాపీలకు 100. చెడిపోయేవాటికి ఇంకో అయిదు. ముందు ఒక్క కాపీ తీయించి చూడకుండా మిగతావి తీయమనకండి. తెరమీద వెలిగే గులాబీ కాగితం మీద వాడిపోతుంది. అచ్చు ఇంకుల్లో కుంకుమకు మెజెంటా (ముదురు గులాబీ) 100 శాతం, పసుపు 90, చందనానికి పసుపు 45, మెజెంటా 15 దగ్గర మొదలుపెట్టి మీ కాగితాన్ని బట్టి సరిచేసుకోండి. ప్రెస్సుకు పీడీఎఫ్ పంపాలి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే నలిగిపోయి వెళుతుంది. పంపక తప్పకపోతే డాక్యుమెంటుగా పంపండి.

తెలుగు అక్షరాల దగ్గర మన పిల్లలు పడే తిప్పలు ఇంగ్లీషులో కామిక్స్ వేసేవాళ్లకు లేవు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం చూడండి. పైన గుడిదీర్ఘం, మధ్యలో సకారం, కింద తవత్తు, దానితో పాటు రవత్తు. ఇంగ్లీషు వరుసల దూరం పెడితే పై వరుస వత్తులు కింది వరుస గుళ్ల మీద కూర్చుంటాయి. అక్షరం ఎత్తు 10 అయితే వరుసకూ వరుసకూ 16 నుంచి 18 ఉండాలి. చేత్తో రాసేవాళ్లు నాలుగు గీతలు కొట్టుకోవాలి: గుడికి, తలకట్టుకు, అక్షరం అడుగుకు, వత్తుకు. ఇంకో సంగతి, మన మాటలు పొడుగు. ‘చెప్పలేకపోతున్నాను’ అన్నది ఒకే మాట. ఎక్కడ విరిచినా చదివేవాడికి ఎక్కిళ్లొస్తాయి. నిలువు బుడగలో ఇది పట్టదు. ముందు మాటలు రాసి, వాటి చుట్టూ బుడగ గీయాలి. పిల్లలందరూ ముందు బుడగ గీస్తారు, తర్వాత అక్షరాలను నలిపి అందులో కూరుతారు.

కంప్యూటరులో అయితే ఇలస్ట్రేటర్ లాంటి బొమ్మల సాఫ్ట్‌వేర్లలో టైపు సెట్టింగుల్లో వరల్డ్ రెడీ కంపోజర్ (మన లిపుల వత్తులు, గుణింతాలు సరిగా కలిపే ఏర్పాటు) ఎంచుకోకపోతే ‘క్ష’ విడిపోయి పొల్లుతో ‘క్’, పక్కన ‘ష’ అవుతుంది. మన ఊరి ప్రెస్సుల్లో ఇంకా పేజ్‌మేకర్ లాంటి పాత సాఫ్ట్‌వేరూ, యూనికోడ్ కాని అనూ ఫాంట్లూ నడుస్తున్నాయి. మీరు యూనికోడ్‌లో ఇచ్చిన అక్షరం అక్కడ తెరిస్తే పెట్టెలు పెట్టెలుగా కనిపిస్తుంది. ఫైలు ఇచ్చే ముందు అక్షరాలన్నీ అవుట్‌లైన్లుగా, అంటే ఫాంటుతో పనిలేని ఉత్త గీతలుగా మార్చండి. మార్చని కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి, అచ్చుతప్పు కనబడితే దిద్దడానికి. ఫాంటు కొనలేని వాళ్లకు గూగుల్ ఫాంట్స్‌లో తెలుగువి డబ్బు కట్టకుండా, అచ్చుకు కూడా వాడుకునే అనుమతితో దొరుకుతాయి. ‘ధూర్జటి’ అనే ఫాంటు ఉంది, కాళహస్తి పక్కనే ఉన్నవాళ్లం, అది వాడకపోతే ఎలా!

కాళహస్తి అన్నాం కాబట్టి కలంకారీ. తిరుపతి విద్యార్థుల చిట్టాల్లో ‘కలంకారీ స్టైల్’ అని ఒకటి తప్పక ఉంటుంది. ఎక్కువమంది చేసేది నెట్లో చీర అంచు దొరకబుచ్చుకుని బొమ్మ చుట్టూ అతికించడం. సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఆ పని చేసే చేతులున్నాయి, వెళ్లి చూడవచ్చు. శ్రీకాళహస్తిది కలంతో గీసే పని, మచిలీపట్నంది చెక్క అచ్చులతో వేసే పని. ఈ తేడా కూడా చాలామందికి తెలియదు. కాళహస్తి పనికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పనికే జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది.

ఇలస్ట్రేషన్ చదివేవాళ్లకు అక్కడ నేర్చుకోవాల్సింది గీత. వెదురు పుల్ల మొన చెక్కి, మొనకు పైన ఉన్నిగుడ్డ చుట్టి దారంతో బిగిస్తారు. ఆ ఉన్నిలో రంగు నిలవ ఉంటుంది. వేళ్లతో ఉన్నిని ఎంత నొక్కితే గీత అంత లావు. చెరపడం ఉండదు. బట్టను ముందు గంజి పోయేలా ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో తడిపి, పిండి ఎండబెడతారు. పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదు. పాలు చాలకపోతే గీత పీచులు పీచులుగా విచ్చుకుంటుంది. పాలు ఎక్కువై సరిగా ఎండకపోతే బట్ట వాసన కొడుతుంది. చింతబరికెల బొగ్గుతో చిత్తు గీసుకుంటారు. నల్లగీతకు కసింకారం: కుండలో తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు వేసి సుమారు మూడు వారాలు పులియబెడతారు. గీసినప్పుడు అది చప్పటి గోధుమరంగులో ఉంటుంది. బట్టలోని కరక్కాయ వగరు, కసింలోని ఇనుము కలిసి కళ్లముందే నల్లబడుతుంది. బట్టకు కరక్కాయ పెట్టకుండా గీస్తే నలుపు రాదు, తుప్పురంగే మిగులుతుంది. పులియని కసిం బూడిదరంగు ఇస్తుంది. మరీ గాఢమైతే కొన్నేళ్లకు గీత ఉన్నచోటే బట్టను తినేస్తుంది. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు పూసి, ఆరాక పారేనీళ్లలో ఉతికి, ఎర్రరంగు వేర్లతో కాచాలి. కుండెడు నిలవ నీళ్లలో ఉతికితే వదిలిన పటిక తెల్లటి చోటికి పాకి, కాచేటప్పుడు అక్కడ కూడా ఎరుపెక్కుతుంది. స్వర్ణముఖి ఒడ్డున ఈ పని ఎందుకు పెరిగిందో దీన్నిబట్టే అర్థమవుతుంది.

పుస్తకంలో పేజీకి ఆ బట్ట ఎలా చేరాలి? స్కానరు మీద పెట్టొద్దు, నేత గళ్ల మీద స్కానరు చుక్కల గళ్లు పడి అలలు అలలుగా వస్తుంది. ఇస్త్రీ చేసి మేడ మీద నీడలో పరచి, పక్కన ఒక తెల్ల కాగితం ముక్క పెట్టి, నిట్టనిలువుగా పైనుంచి ఫోటో తీయాలి. ఆ తెల్ల ముక్కను బట్టి తర్వాత రంగులు సరిచేసుకోవచ్చు. ఎవరి దగ్గర నేర్చుకున్నారో రెండో పేజీలో పేరు వేయండి. నేర్పిన రోజు కూలి ఇవ్వడం మరవొద్దు. వాళ్లకు అది ట్యూషన్ కాదు, పని ఆగిన రోజు.

స్నేహితుల సంగతి. బొమ్మలు వేసే అయిదుగురు కూడితే అయిదుగురూ గీస్తామంటారు, గొడవంతా అక్కడే. ఒకరు గీయాలి, ఒకరు అక్షరాలు రాయాలి, ఒకరు పేజీలు కట్టాలి, ఒకరు లెక్కలు, ఒకరు ప్రెస్సు చూడాలి. వచ్చే పుస్తకానికి పాత్రలు మార్చుకోవచ్చు. ఇద్దరు రంగులు వేయక తప్పకపోతే ఒకే కొట్లో ఒకే రోజు కొన్న కాగితం, ఒకే కంపెనీ రంగులు, ఆరు రంగుల చార్టు, ఒక్కో దాని పక్కన ఏది ఎంత కలపాలో రాసి గోడకు అతికించాలి. ఒకరు బర్న్ట్ సియెన్నాతో, ఒకరు వెర్మిలియన్‌తో చర్మం వేస్తే ఒకే మనిషి నాలుగో పేజీలో ఎండకు నల్లబడి అయిదో పేజీలో జ్వరం వచ్చినట్టుంటాడు. ప్రతి పాత్రకూ ఎదురుగా, పక్కగా, ముప్పావు వంతు తిరిగి, వెనకనుంచి నాలుగు బొమ్మలున్న షీటు ముందే గీసుకోవాలి.

బొమ్మలు చూసి మాట్లాడుకునేటప్పుడు ‘సూపర్’ అనే మాట నిషేధించండి. బొమ్మ గోడకు పెట్టి, గీసినవాళ్లు అయిదు నిమిషాలు నోరు మెదపకూడదు. చూసినవాళ్లు ముందు తమకు ఏం కనిపించిందో చెప్పాలి, తర్వాత ఒక్కొక్కరు ఒక్క మార్పు మాత్రమే. ‘ఆమె ఎందుకు ఏడుస్తోంది?’ అని ఎవరైనా అడిగితే, మీరు నవ్వు గీశాననుకున్నారంటే, దిద్దాల్సింది ఏమిటో తెలిసిపోయింది.

డబ్బు, హక్కులు మొదటి రోజే కాగితం మీద పెట్టుకోవాలి. స్నేహం చెడేది ఎక్కువగా 50 కాపీలు అమ్ముడుపోయాకే. బయటివాళ్ల కోసం గీసేవాళ్లు 1957 కాపీరైట్ చట్టం తెలుసుకోవాలి. ఎవరైనా డబ్బిచ్చి చిత్రం గీయించుకుంటే, వేరే ఒప్పందం లేకపోతే, 17వ సెక్షన్ ప్రకారం మొదటి హక్కుదారు డబ్బిచ్చినవారే అవుతారు. కాబట్టి ‘ఫలానా పుస్తకానికి మాత్రమే, హక్కు గీసినవారిదే’ అని ఒక్క వాక్యం రాయించుకుని సంతకం తీసుకోండి. హక్కు రాసిచ్చేటప్పుడు ఎన్నాళ్లకో రాయకపోతే 19వ సెక్షన్ అయిదేళ్లుగా లెక్కేస్తుంది, ఎక్కడికో రాయకపోతే భారతదేశం వరకు. ఒప్పందం వాట్సాప్‌లో బొటనవేలు ఎత్తడం వరకే ఆగకూడదు.

ఇప్పుడు మీతో పని. వడ్డాది పాపయ్య ‘వపా’ అన్నా, సత్తిరాజు లక్ష్మీనారాయణ ‘బాపు’ అన్నా తెలుగు పాఠకులు గుర్తుపట్టింది బొమ్మ మూలన ఉన్న రెండక్షరాలను. అది పత్రికలు ఇచ్చిన జాగా. ఇప్పుడు కథ పక్కన బొమ్మ ఉంటే పేరుండదు, లేదంటే నెట్లో దొరికిన బొమ్మ ఉంటుంది. ఆదివారం జిల్లా పేజీలో వారానికి ఒకసారి రెండు కాలమ్‌ల వెడల్పు, 12 సెంటీమీటర్ల ఎత్తు జాగా విద్యార్థుల బొమ్మకు ఇవ్వండి. బొమ్మ కింద పేరు, ఊరు. ఎంతో కొంత పారితోషికం. అసలు బొమ్మ వెనక్కి.

దానికంటే ముందు ఒక చిన్న పెట్టెలో మీ అచ్చు కొలతలు ప్రచురించండి: కాలమ్ వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లు, ఆ పేజీ రంగుల్లోనా నలుపు తెలుపా, ఏ రోజుకు ఫైలు అందాలి. పిల్లలకు న్యూస్‌ప్రింటు మీద ఏమవుతుందో తెలియదు. ఆ కాగితం ఇంకును పీలుస్తుంది, 50 శాతం బూడిదరంగు 75 దగ్గర పడుతుంది. కాబట్టి మధ్య రంగులన్నీ ముందే లేతగా చేసి పంపాలి. నాలుగు ఇంకులు కలిపి 240 శాతం దాటితే తడి ఆరక ఎదుటి పేజీకి అంటుకుంటుంది, తోటి వేషం బొమ్మ పక్కపేజీ రాశిఫలాల మీద నీడలా పడుతుంది. ఆర్‌జీబీ (తెర రంగుల) బొమ్మను అలాగే సీఎంవైకేకు (అచ్చులోని నాలుగు ఇంకులకు) మార్చితే నల్లగీత నాలుగు ఇంకుల్లోకి చీలిపోతుంది, నాలుగు ప్లేట్లలో ఒకటి వెంట్రుకవాసి జరిగినా గీత పక్కన ఎర్ర నీడ, నీలి నీడ. గీత ఉత్త నల్ల ఇంకులో మాత్రమే ఉండాలి, అర పాయింటుకు సన్నబడకూడదు. రంగు మీద తెల్లటి అక్షరాలు 8 పాయింట్లకు తగ్గితే పూడుకుపోతాయి. ఇవన్నీ మీ ప్రెస్సులో పనిచేసేవాళ్లకు రోజూ తెలిసిన సంగతులే, వాళ్లనే రాయమనండి, మాకంటే బాగా రాస్తారు.

జాతర మేలో. 36 రోజుల పని, ప్రెస్సుకు ఒక వారం, మధ్యలో పరీక్షలు. గత ఏటి స్కెచ్‌లు ఉన్నవాళ్లు ఫిబ్రవరి మొదట్లో కూర్చుంటే జాతర నాటికి పుస్తకం వీధిలో ఉంటుంది. మీ కొలతల పెట్టె జనవరి ఆఖరి ఆదివారానికి వస్తే మంచిది.

ఇట్లు,
బొమ్మలు వేసే, నేర్పే కొందరం,
తిరుపతి.